మిశ్రచాపు నుంచి పాలీరిథమ్ దాకా: మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో తాళం కట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

4/4లో పాట చేసినంతసేపూ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వింటుంది. ఒక మిశ్రచాపు (ఏడు మాత్రల, అంటే ఏడు లెక్కల తాళం) పల్లవి పెట్టగానే క్లిక్ (సాఫ్ట్‌వేర్ కొట్టే తాళం దెబ్బ) ఒక దారి, మృదంగం ఒక దారి పడతాయి. ఖండ గతిలో (తాళం లెక్క ఒక్కోదానికి ఐదు నోట్లు పడే నడక) నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) వేద్దామంటే గ్రిడ్‌లో (నోట్లు పెట్టుకునే గీతల్లో) ఐదు గీతలే దొరకవు. సినిమా పాటలకు ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు, ఇంట్లో లాప్‌టాప్ మీద ట్రాక్‌లు కట్టుకునేవాళ్లు, విదేశాల్లో కూచిపూడి క్లాసులు నడుపుతూ ప్రాక్టీస్ ట్రాక్‌లు తయారుచేసుకునే టీచర్లు అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. లెక్క ముందు నోటితో చెప్పుకుని, ఆ తర్వాతే మౌస్ పట్టుకోవాలన్నది నా గట్టి నమ్మకం. కింద జవాబులన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

7/8 అని సెట్ చేశాను. అయినా మిశ్రచాపులా వినిపించడం లేదు. ఎందుకు?

7/8 అనేది బార్‌లో ఏడు ఎయిత్ నోట్లు ఉన్నాయని మాత్రమే చెబుతుంది. ఆ ఏడు ఎలా విరిగాయో చెప్పదు. మిశ్రచాపు 3+4. ఆ నాలుగును మళ్లీ రెండు రెండుగా విరిస్తే 3+2+2 అవుతుంది: తకిట, తక, ధిమి. బల్గేరియాలో రాచెనిత్సా అనే నాట్యానికి వాయించే లయ కూడా ఏడే, కానీ అది 2+2+3. గ్రీకుల కలమాత్యానోస్ నాట్యం మాత్రం 3+2+2, అచ్చం మన మిశ్రచాపు విరుపే. ఈ మూడూ సాఫ్ట్‌వేర్‌కు ఒకటే 7/8. మనిషి చెవికి మాత్రం రాచెనిత్సా వేరే ఊరి పాటలా వినిపిస్తుంది.

తేడా అంతా దెబ్బ ఎక్కడ గట్టిగా పడుతుందన్నదాంట్లో ఉంది. అందుకే ముందుగా సాఫ్ట్‌వేర్ ఇచ్చే మెట్రోనోమ్ ఆపేయండి. అది చాలాచోట్ల మొదటి మాత్రను గట్టిగా, మిగతా ఆరింటినీ ఒకేలా కొడుతుంది. మీరే ఒక చిన్న మిడి క్లిప్ (ఏ నోటు ఎప్పుడు మోగాలో రాసుకునే ముక్క) రాసుకోండి: 1వ మాత్ర మీద గట్టి రిమ్ షాట్, 4, 6 మాత్రల మీద కాస్త తగ్గిన రిమ్ షాట్, మిగతా నాలుగు మాత్రల మీద సన్నటి హై-హ్యాట్. వెలాసిటీలు (దెబ్బల బలం) 110, 90, 90, మిగతావి 45 దగ్గర మొదలుపెట్టండి. ఆ క్లిప్‌ను లూప్ చేసి, "తకిట తకధిమి" అంటూ నోటితో కలపండి. మీ నోరు తడబడకుండా కలిసిందంటే క్లిక్ సరిగ్గా ఉన్నట్టే.

రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ క్లిప్ కూడా అక్కర్లేదు. టైమ్ సిగ్నేచర్ మార్కర్‌లోనే మెట్రోనోమ్ ప్యాటర్న్ రాసే చోటు ఉంటుంది. ఏబీబీఏబీఏబీ (ఏ గట్టి దెబ్బ, బీ మామూలు దెబ్బ) అని ఇస్తే 3+2+2 వచ్చేస్తుంది.

ఖండచాపుకు కూడా ఇంతేనా?

ఇంతే. 5/8, విరుపు 2+3: తక తకిట. గట్టి దెబ్బలు 1, 3 మీద. చాలామంది చేత్తో 1, 3, 4 మీద వేస్తారు. మీతో పనిచేసే మృదంగం వాయించే ఆయన చేతి అలవాటు ఏదో అడిగి క్లిక్‌ను అలాగే పెట్టండి, ఆయనకు హాయిగా ఉంటుంది.

7/8 పెట్టాలా, 7/4 పెట్టాలా?

రెండూ తప్పు కాదు. పాట వేగంగా నడుస్తుంటే 7/8 చూడ్డానికి బాగుంటుంది. విలంబంలో (నెమ్మది నడకలో) ఒక్కో మాత్రలో నాలుగేసి పలుకులు పడుతుంటే 7/4 పెట్టండి. అప్పుడు ఒక్కో మాత్ర క్వార్టర్ నోట్ అవుతుంది, మామూలు 1/16 గ్రిడ్ మీదే మూడో కాలం వరకూ రాసుకోవచ్చు.

నాకొక గట్టి అలవాటు ఉంది, దాన్ని అందరికీ చెబుతాను: ఒక ఆవర్తం అంటే ఒక బార్. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు (తాళం లెక్కలు), దాన్ని కూడా రెండు 4/4 బార్‌లుగా కాకుండా 8/4గా పెట్టుకోండి. మిశ్రజాతి ఝంప అయితే దాని భాగాలు లఘువు 7, అనుద్రుతం 1, ద్రుతం 2, మొత్తం 10 కాబట్టి 10/4. చతురశ్రజాతి ధ్రువ తాళం 4+2+4+4, అంటే 14/4. ఇలా పెడితే స్క్రీన్ మీద బార్ నంబరు చూడగానే ఎన్నో ఆవర్తంలో ఉన్నామో తెలిసిపోతుంది. "ఐదో ఆవర్తం మూడో అక్షరం దగ్గర వయొలిన్ తగ్గించండి" అని ఎవరైనా అంటే వెతుక్కోనక్కర్లేదు. ఏబుల్టన్ లైవ్‌లో పై అంకె 99 వరకూ ఇవ్వొచ్చు కాబట్టి మన తాళాలన్నీ పడతాయి.

బీపీఎం 120 పెడితే పాట మరీ పరుగెడుతోంది. టెంపో తప్పా?

చాలా సాఫ్ట్‌వేర్‌లలో బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని క్వార్టర్ నోట్లు అనే లెక్క, కింద 8 ఉన్నా సరే. మీరు 120 అంటే నిమిషానికి 120 మాత్రలు అనుకున్నారు. అది 240 మాత్రలు నడుపుతోంది. పరీక్ష తేలిక: 120 దగ్గర 7/8 బార్ ఒకటి ఎంతసేపు పట్టిందో చూడండి. 1.75 సెకన్లు వస్తే అది క్వార్టర్ నోట్ లెక్క. 3.5 సెకన్లు వస్తే ఎయిత్ నోట్ లెక్క.

6/8లోనూ 3/4లోనూ ఆరు ఎయిత్ నోట్లే కదా, తేడా ఏముంది?

6/8 అంటే 3+3, 3/4 అంటే 2+2+2. పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ విన్నవాళ్లకు మొదటి ఊపు ఒంట్లోనే ఉంటుంది. ఈ రెండు విరుపులనూ ఒకేసారి రెండు వాయిద్యాలకు ఇచ్చి చూడండి. అదే మీ మొదటి పాలీరిథమ్.

పాలీరిథమ్, పాలీమీటర్ ఒకటేనా?

కాదు. ఈ రెంటినీ కలిపేస్తే సాఫ్ట్‌వేర్‌లో అసలు ఏం మార్చాలో తెలియక గంటలు గంటలు పోతాయి.

పాలీరిథమ్‌లో నిడివి ఒకటే, దాన్ని ఇద్దరు వేర్వేరు సంఖ్యలుగా పంచుకుంటారు. ఒకే అక్షర కాలంలో ఒకరు నాలుగు, ఇంకొకరు మూడు వాయిస్తారు. ఇద్దరూ ప్రతి అక్షరం మొదట్లో కలుస్తారు. మన గతి భేదం ఇదే: తాళం చేతిలో కదలకుండా ఉంటుంది, లోపలి నడక తిస్రానికో (మూడు) ఖండానికో (ఐదు) మారుతుంది.

పాలీమీటర్‌లో మాత్ర ఒకటే, చుట్టు వేరు. ఒకరి ఫ్రేజ్ ఏడు మాత్రలకు తిరిగొస్తుంది, ఇంకొకరిది ఎనిమిదికి. మధ్యలో ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఒకచోట కలుస్తారు. ఆది తాళంలో మిశ్రం మాటలు వరసగా పేర్చుకుంటూ పోవడం ఈ కోవలోది.

మొదటిదానికి గ్రిడ్ మార్చాలి. రెండోదానికి క్లిప్ పొడవు మార్చాలి. మిగతాదంతా లెక్క.

నాలుగు మీద మూడు ఎలా రాయాలి? ఒక్కో అడుగూ చెప్పండి.

స్కూల్లో నేర్చుకున్న క.సా.గు. ఇక్కడ పనికొస్తుంది. 3, 4ల క.సా.గు. 12. ఒక నిడివిని 12 గళ్లుగా ఊహించుకోండి, 0 నుంచి 11 వరకూ. నాలుగు కొట్టేవాడి దెబ్బలు 0, 3, 6, 9 గళ్లలో. మూడు కొట్టేవాడివి 0, 4, 8 గళ్లలో. సాఫ్ట్‌వేర్‌లో 3/4 బార్ తీసుకుని గ్రిడ్ 1/16 పెడితే సరిగ్గా 12 గళ్లు కనిపిస్తాయి. పైన చెప్పిన గళ్లలో నోట్లు పెట్టేయండి. ట్రిప్లెట్ గ్రిడ్ (మూడేసిగా పంచే గ్రిడ్) జోలికే పోనక్కర్లేదు.

5 మీద 4 కావాలంటే 20 గళ్లు: ఒకరికి 0, 4, 8, 12, 16, మరొకరికి 0, 5, 10, 15. అంటే 5/4 బార్, 1/16 గ్రిడ్. 7 మీద 4కు 28 గళ్లు, 7/4 బార్.

రెండు గొంతులకూ ఒకే రకం శబ్దం ఇవ్వకండి. రెండూ ఒకే కంజీర శాంపిల్ అయితే చెవికి ఒకే ఒక వింత ఫ్రేజ్‌లా వినిపిస్తుంది, ఇద్దరు వాయిస్తున్నట్టు ఉండదు. ఒకటి బరువుగా కింద, ఒకటి సన్నగా పైన, ఒకటి కొంచెం ఎడమకు, ఒకటి కొంచెం కుడికి పెడితే రెండు దారులూ విడివిడిగా తెలుస్తాయి.

పాట 4/4లోనే ఉండాలి, మధ్యలో ఖండ గతి రావాలి. గ్రిడ్‌లో ట్రిప్లెట్ ఉంది గానీ ఐదు లేదు. ఏం చేయాలి?

అన్ని సాఫ్ట్‌వేర్‌లలోనూ పనిచేసే దారి ఒకటి ఉంది. 1/16 గ్రిడ్ మీద ఐదు నోట్లు వరసగా రాయండి. అవి ఒకటింపావు బీట్ ఆక్రమిస్తాయి. ఐదింటినీ సెలెక్ట్ చేసి, చివరి అంచు పట్టుకుని ఒక బీట్‌కు సరిపోయేలా లోపలికి నొక్కండి. ఐదూ సమానంగా కుదించుకుంటాయి. దాన్ని కాపీ చేసి మిగతా బీట్‌లలో పెట్టుకోండి. మిశ్ర గతికి ఏడు నోట్లు రాసి ఇదే పని చేయండి.

రీపర్‌లో గ్రిడ్ విలువ మీరే టైప్ చేయొచ్చు: బీట్‌కు ఐదు కావాలంటే 1/20, ఏడు కావాలంటే 1/28. లాజిక్ ప్రోలో క్వాంటైజ్ (నోట్లను గ్రిడ్ గీతల మీదకు సర్దడం) మెనూలోనే ఐదు, ఏడు, తొమ్మిది ట్యూప్లెట్లు (అన్నేసి సమాన భాగాలు) ఉంటాయి. క్యూబేస్‌లో క్వాంటైజ్ ప్యానెల్‌లో ట్యూప్లెట్ సంఖ్య ఇచ్చే చోటు ఉంది.

రాసేముందు తకతకిట అని ఐదక్షరాలు ఒక్కో బీట్‌కు పలికి చూసుకోండి. ఐదింట్లోనూ 2+3 వినిపించాలి. ఐదు నోట్లకూ ఒకే వెలాసిటీ ఇస్తే అది ఖండ గతిలా ఉండదు, మెషిన్ గన్‌లా ఉంటుంది.

తనియావర్తనం (మృదంగం లాంటి తాళ వాయిద్యాలు మాత్రమే వాయించే భాగం) మొత్తం ఖండ గతిలో ఉంది. ప్రతి బీట్‌నూ ఇలా నొక్కుతూ కూర్చోవాలా?

అక్కర్లేదు. గతి మొదలయ్యే చోట టెంపో, టైమ్ సిగ్నేచర్ రెండూ మార్చేయండి. సూత్రం ఇది: కొత్త బీపీఎం = పాత బీపీఎం × గతి సంఖ్య ÷ 4.

ఉదాహరణకు పాట 60 బీపీఎంలో ఉంది. ఒక అక్షరం ఒక సెకను. ఖండ గతికి 60 × 5 ÷ 4 = 75. ఇప్పుడు 75 దగ్గర ఒక 1/16 నోట్ అంటే సెకనులో ఐదో వంతు. ఐదు 1/16 నోట్లు కలిస్తే మళ్లీ ఒక సెకనే, అంటే పాత అక్షర కాలం చెక్కుచెదరలేదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు కాబట్టి ఆవర్తానికి 40 నోట్లు. బార్‌ను 10/4 అని పెట్టుకోండి. ఇదే లెక్కన తిస్రానికి (3) బీపీఎం 45, అక్షరానికి ఆరేసి కావాలంటే 90. మిశ్రానికి (7) 105, సంకీర్ణానికి (9) 135. గ్రిడ్ మాత్రం ఎప్పుడూ మామూలు 1/16.

రెండు జాగ్రత్తలు. క్లిక్‌ను క్వార్టర్ నోట్ల మీద వదిలేస్తే ఇప్పుడది తాళంతో కలవదు, కాబట్టి ప్రతి ఐదు నోట్లకు ఒక దెబ్బ వచ్చేలా క్లిక్ క్లిప్ విడిగా రాసుకోండి. అలాగే అప్పటికే రికార్డయిన తంబూర, వయొలిన్ లాంటి ఆడియో టెంపో మారగానే సాగిపోకుండా చూసుకోండి: లైవ్‌లో ఆ క్లిప్‌లకు వార్ప్ ఆపేయండి, రీపర్‌లో ట్రాక్ టైమ్‌బేస్‌ను టైమ్‌కు మార్చండి. పాటంతా బ్యాండ్ నడుస్తుండగా ఒక్క ఆవర్తం గతి మారితే ఈ పద్ధతి వద్దు, నోట్లు నొక్కే పద్ధతే మేలు. తని లాంటి పొడుగాటి భాగాలకు మాత్రం దీన్ని మించింది లేదు.

పీపీక్యూ అంటే ఏమిటి? దాన్ని పట్టించుకోవాలా?

ఒక క్వార్టర్ నోట్‌ను సాఫ్ట్‌వేర్ ఎన్ని చిన్న టిక్‌లుగా కోస్తుందన్నదే పీపీక్యూ. రీపర్, లాజిక్, ప్రో టూల్స్‌లో 960. 960ని ఐదుతో భాగిస్తే సరిగ్గా 192 వస్తుంది. ఏడుతో భాగిస్తే శేషం మిగులుతుంది గానీ 60 బీపీఎంలో కూడా తేడా అర మిల్లీసెకను దాటదు. అది వదిలేయండి.

ఎఫ్‌ఎల్ స్టూడియోలో మామూలుగా ఉండేది 96. 96ని ఐదుతో భాగిస్తే 19.2. సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరి టిక్‌కు సర్దుతుంది కాబట్టి మధ్య దూరాలు 19, 19, 20, 19, 19 అవుతాయి. 60 బీపీఎంలో ఒక టిక్ అంటే 10 మిల్లీసెకన్ల పైనే. ఘటం లాంటి పదునైన శబ్దాల్లో ఈ చిన్న కుదుపు తెలిసే అవకాశం ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్‌ను 960కి మార్చేస్తే సరి. పాట మొదలుపెట్టేముందే మార్చండి, సగంలో కాదు.

ఏడు మాత్రల ఫ్రేజ్ ఆది తాళంలో లూప్ చేశాను. సమానికి (ఆవర్తం మొదటి దెబ్బకు) ఎప్పుడొస్తుంది?

అక్షరానికి నాలుగు చొప్పున ఆవర్తానికి 32 మాత్రలు అనుకుంటే 7, 32ల క.సా.గు. 224. అంటే ఏడు ఆవర్తాల తర్వాత. ఐదు మాత్రల ఫ్రేజ్ అయితే 160, ఐదు ఆవర్తాలకు. అంతసేపు శ్రోత ఆగడు. వాయించేవాళ్లు కూడా అలా వదిలేయరు. ఏడు నాలుగుసార్లు వేసి, మిగిలిన నాలుగు మాత్రలకు ఒక తకధిమి చేర్చి 32కు సమంలో దిగుతారు. మీరూ లూప్‌ను కంప్యూటర్‌కు వదిలేయకుండా 7+7+7+7+4గా ఒక ఆవర్తం పొడవు క్లిప్ రాయండి. పాట వెంటనే ఊపిరి పీల్చుకుంటుంది.

ముక్తాయింపు సరిగ్గా సమంలో పడేలా ముందే లెక్క వేయొచ్చా?

వేయొచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ముక్తాయింపు అంటే ఒక ఫ్రేజ్ మూడుసార్లు, మధ్యలో రెండు విరామాలు. ఫ్రేజ్ పొడవు మూడు రెట్లు, విరామం రెండు రెట్లు కలిపితే మీకున్న మొత్తం మాత్రలు రావాలి.

మిశ్రచాపు 7/8, 1/16 గ్రిడ్ మీద ఒక ఆవర్తానికి 14 మాత్రలు (ఇక్కడ మాత్ర అంటే ఒక 1/16 గడి). తకధిమి 4 మాత్రలు. 4 × 3 = 12, మిగిలింది 2, విరామం ఒక్కో మాత్ర. సరిపోయింది. ఇది ఒక ఆవర్తంలో ముగుస్తుంది, తర్వాతి దెబ్బ సమం.

ఇప్పుడు తదిగిణతోం తీసుకోండి, 5 మాత్రలు. మూడుసార్లకు 15. రెండు ఆవర్తాలు 28 మాత్రలు. 28లోంచి 15 పోతే 13, దాన్ని రెండు సమాన విరామాలుగా పంచలేం. ఇక్కడే చాలామంది ఒక విరామం 6, ఇంకొకటి 7 పెట్టి, ఎందుకో కుంటుతోందని తల పట్టుకుంటారు. దారి వేరే ఉంది. చివరి తోం సమం ముందు ఆగకుండా సమం మీదే పడాలి. అప్పుడు మొత్తం 29. 29లోంచి 15 పోతే 14, విరామం ఏడేసి మాత్రలు. సమం నుంచి మొదలుపెట్టి గళ్లు లెక్కపెట్టండి: మొదటి తదిగిణతోం 0 నుంచి 4, రెండోది 12 నుంచి 16, మూడోది 24 నుంచి 28. ఆ 28వ గడి తర్వాతి ఆవర్తపు సమం. పైగా విరామం కూడా ఏడే కాబట్టి మిశ్రం ఊపు మౌనంలో కూడా నడుస్తుంటుంది.

పియానో రోల్‌లో (నోట్లను గళ్ల మీద రాసే కిటికీలో) ఇలాంటివి రాస్తున్నప్పుడు ప్రతి ఫ్రేజ్‌కూ ఒక రంగు పెట్టుకోండి. లెక్క ఎక్కడ తప్పిందో కంటికే కనిపిస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

చేతిలో ఉన్నదే. నిజంగా ఎంచుకునే వీలుంటే తాళం పనికి నా ఓటు రీపర్‌కు: గ్రిడ్ విలువ టైప్ చేయొచ్చు, క్లిక్ ప్యాటర్న్ రాయొచ్చు, లైసెన్స్ ధర కూడా తక్కువ. పాలీమీటర్‌తో ఆడుకోవడానికి ఏబుల్టన్ లైవ్ బాగుంటుంది. సెషన్ వ్యూలో ఒక్కో క్లిప్‌కు ఒక్కో లూప్ పొడవు ఇచ్చి అన్నిటినీ ఒకేసారి వదలొచ్చు. లాజిక్ ప్రోలో 2020లో వచ్చిన స్టెప్ సీక్వెన్సర్‌లో ప్రతి వరసకూ వేరే పొడవు, వేరే వేగం పెట్టొచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియోలో టైమ్ సిగ్నేచర్ మార్పులు 2018లో 20వ వెర్షన్‌తో వచ్చాయి, కాబట్టి అంతకుముందు వెర్షన్ వాడుతుంటే మార్చుకోండి.

లైవ్‌లో క్లిప్ సిగ్నేచర్ 5/8 అని మార్చాను, వినిపించేదాంట్లో ఏ తేడా లేదు.

ఉండదు. క్లిప్‌లో ఉండే సిగ్నేచర్ గీతలు ఎలా చూపించాలో చెబుతుంది, అంతే. మార్చాల్సింది లూప్ పొడవు.

మొబైల్ యాప్‌లో 4/4, 3/4, 6/8 తప్ప ఏమీ లేవు. మిశ్రచాపు చేయలేనా?

చేయొచ్చు. 4/4లో ఏడు బార్‌లు అంటే 56 ఎయిత్ నోట్లు, అంటే ఎనిమిది మిశ్రచాపు ఆవర్తాలు. సెక్షన్ పొడవు ఏడు బార్‌లు పెట్టి, మెట్రోనోమ్ ఆపేసి, మీ సొంత క్లిక్ రాసుకోండి. లూప్ తిరిగేసరికి రెండు లెక్కలూ కలుస్తాయి. ఖండచాపుకు ఐదు బార్‌లు.

పాట అనాగతంలో మొదలవుతుంది. క్లిక్ కలవడం లేదు.

పాట సమం తర్వాత ఎత్తుకుంటే అనాగతం, ముందే ఎత్తుకుంటే అతీతం. ఏదైనా సరే, బార్ గీత తాళానిదే, పాటది కాదు. పాట మొదటి అక్షరాన్ని బార్ మొదట్లోకి లాగాలనిపిస్తుంది, లాగకండి. ప్రాజెక్ట్ మొదట్లో రెండు ఖాళీ ఆవర్తాలు వదిలి మూడో బార్‌ను సమంగా పెట్టుకోండి. అతీతంలో ముందుకు చొచ్చుకొచ్చే అక్షరాలకు అప్పుడు చోటుంటుంది, ఎక్స్‌పోర్ట్‌లో మొదటి అక్షరం తెగిపోదు.

హిందుస్తానీ రూపక్ తబలా లూప్ కింద కిక్ డ్రమ్ పెడితే తేడాగా ఉంది.

రూపక్ ఏడు మాత్రలు, 3+2+2: తిన్ తిన్ నా, ధీ నా, ధీ నా. దాని సమం ఖాళీ. అంటే మొదటి మాత్రలో ఎడమ చేతి గుమ్మనే శబ్దం ఉండదు, అది 4, 6 మాత్రల మీద వస్తుంది. మీరు అలవాటుగా 1 మీద బరువైన కిక్ వేస్తే ఆ తాళం ప్రాణమే పోతుంది. కిక్‌ను 4, 6 మీదకు మార్చండి, 1 మీద గాలి వదలండి. కర్ణాటక రూపకం ఇది కాదు, అది ఆరు అక్షరాల లెక్క, లేదా మూడు దెబ్బల చాపు పద్ధతి. లూప్ ప్యాక్‌లో పేరు చూసి తీసుకోకుండా లెక్కపెట్టి తీసుకోండి.

డిలే (ప్రతిధ్వని), ఆర్పెజియేటర్ (పట్టిన స్వరాలను ఒక్కొక్కటిగా వాయించేది), ఎల్‌ఎఫ్‌ఓ (శబ్దాన్ని అలలా ఊపేది) లాంటివి తాళం తప్పుతున్నాయి.

చాలా ప్లగిన్లలో "ఒక బార్" అంటే నాలుగు క్వార్టర్ నోట్లే, మీ సిగ్నేచర్ ఏదైనా. ఎల్‌ఎఫ్‌ఓకు బార్ విలువ ఇవ్వకుండా ఎయిత్ నోట్లలో లెక్కించి ఇవ్వండి. ఆర్పెజియేటర్‌లో 16 స్టెప్‌లుంటే 7/8కు 14కు తగ్గించండి. డిలేకు మిల్లీసెకన్లలో ఇవ్వడం నయం: 60000ను బీపీఎంతో భాగిస్తే క్వార్టర్ నోట్ వస్తుంది, 7/8 బార్‌కు దాన్ని 3.5తో గుణించండి.

యూక్లిడియన్ రిథమ్ అని ఒక టూల్ కనిపిస్తోంది. మనకు పనికొస్తుందా?

కొన్ని దెబ్బలను కొన్ని గళ్లలో వీలైనంత సమంగా పంచే పద్ధతి అది. న్యూట్రాన్ యంత్రాల టైమింగ్ కోసం కనిపెట్టిన లెక్క ప్రపంచంలోని ఎన్నో సంప్రదాయ లయలను పుట్టిస్తుందని గాడ్‌ఫ్రీడ్ టూసాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2005లో చూపించారు. ఐదు గళ్లలో రెండు దెబ్బలు అడగండి: 2+3 వస్తుంది, మన ఖండచాపు. ఏడింట్లో మూడు అడిగితే 2+2+3 వస్తుంది, రొటేట్ బటన్‌తో తిప్పితే 3+2+2, మిశ్రచాపు. కొత్త ఫ్రేజ్‌లు వెతకడానికి మంచిది. తాళానికి అంగాలు (లఘువు, ద్రుతం లాంటి భాగాలు), ఎత్తుగడ (పాట ఎత్తుకునే చోటు) మాత్రం మీరే ఇవ్వాలి.

అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి, కానీ ప్రాణం లేదు.

క్వాంటైజ్ నూటికి నూరు కొట్టేసి ఉంటారు. దాన్ని 70, 80 శాతానికి తగ్గించండి. సమం, ముక్తాయింపు చివరి దెబ్బ గట్టిగా గీత మీదే ఉండనివ్వండి, మధ్య అక్షరాలను వదులుగా వదలండి. తకిటలో త 105 ఉంటే కి 60, ట 75 అలా వెలాసిటీలు ఎగుడుదిగుడుగా ఉండాలి. ఒకే శాంపిల్ వరసగా రెండుసార్లు మోగితే చెవి పట్టేస్తుంది, కాబట్టి ఒక్కో దెబ్బకు కనీసం మూడు రకాల శాంపిల్స్ మార్చి మార్చి వచ్చేలా పెట్టుకోండి. మృదంగం ఎడమ వైపు గుమికిని (జారుతూ వచ్చే గుమ్మనే శబ్దాన్ని) శాంపిల్స్‌తో నమ్మించడం చాలా కష్టం. ఒక్క గంట దొరికినా సరే, ఆ భాగం మనిషి చేత వాయించుకోండి.

గాయని క్లిక్ లేకుండా పాడారు. దానికి తాళం ఎలా కట్టాలి?

ఆటోమేటిక్ టెంపో గుర్తింపు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, చాలావరకు అది 4/4 కోసమే వెతుకుతుంది. పాట వింటూ ఒక మిడి కీ మీద ప్రతి సమానికి ఒక్కటే దెబ్బ వేస్తూ రికార్డ్ చేయండి. ఆ దెబ్బల దగ్గర టెంపో మార్కర్లు పెట్టి, ప్రతి బార్ మొదలు ఆ దెబ్బ మీదకు వచ్చేలా సర్దండి. ప్రతి మాత్రకూ మార్కర్ పెట్టొద్దు, ఆవర్తానికి ఒకటి చాలు. ఆమె సహజంగా తీసుకున్న సాగుడు అలాగే మిగులుతుంది, మీ వాయిద్యాలు ఆమె వెంట నడుస్తాయి.

డాన్స్ క్లాసుకు ప్రాక్టీస్ ట్రాక్ చేస్తున్నాను. ఏమేం ఉండాలి?

ముందు రెండు ఆవర్తాలు తాళం దెబ్బలు మాత్రమే ఉంచండి. సొల్లుకట్టు (తకధిమి లాంటి పలుకులు) టీచర్ గొంతుతోనే రికార్డ్ చేయండి, పిల్లల అడుగు ఆ గొంతుకే అలవాటుపడి ఉంటుంది. ఒకే జతిని మూడు వేగాల్లో విడివిడి ఫైళ్లుగా ఇవ్వండి. ఆడియోను సాగదీసి కాదు, మిడి టెంపో మార్చి, గొంతు మళ్లీ రికార్డ్ చేసి.

ప్రాజెక్ట్‌ను వేరే స్టూడియోకు పంపాలి. తాళం లెక్కలు చెదరకుండా ఎలా?

అన్ని ట్రాక్‌లనూ ఒకే చోటి నుంచి, అంటే ప్రాజెక్ట్ మొదటి బార్ నుంచే ఆడియోగా తీయండి. వాటితో పాటు టెంపో, సిగ్నేచర్ మార్పులున్న మిడి ఫైల్ ఒకటి ఇవ్వండి. స్టాండర్డ్ మిడి ఫైల్‌లో సిగ్నేచర్ కింది అంకె 2, 4, 8, 16 లాంటి రెండు ఘాతాల్లోనే దాచుకుంటుంది, 7/12 లాంటివి అందులో పట్టవు. అలాంటివి వాడి ఉంటే ముందే 7/8గా మార్చి టెంపో సర్దండి. మీ సొంత క్లిక్ ట్రాక్‌ను కూడా ఆడియోగా పంపండి. ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో తాళం పేరు, విరుపు, ఎత్తుగడ, గతి మారే బార్ నంబర్లు రాయండి: "మిశ్రచాపు, 3+2+2, 7/8, పాట మూడో బార్ నుంచి, 41వ బార్ దగ్గర తిస్రం" అన్నంత చాలు.